యాంటీబయాటిక్ మాత్రలు: తరచుగా అడిగే ప్రశ్నలు

మందుల కౌంటరు వెనక నిలబడేవాళ్ళకి రోజూ ఎదురయ్యే సందేహాలివి. మనుషులు మారతారు, చీటీలు మారతాయి, ప్రశ్నలు మాత్రం అవే. జవాబు చెప్పేలోపు వెనక ఇంకో నలుగురు నిలబడి ఉంటారు, అసలు చెప్పాల్సింది సగంలోనే ఆగిపోతుంది. అందుకే తీరిగ్గా ఒకచోట రాసిపెడుతున్నాను. ఏ సందేహం మీదైతే నేరుగా అక్కడికే వెళ్ళి చదువుకోండి. ఇది మందు గురించి తెలుసుకోవడానికే. మీకు ఏ మందు, ఎంత మోతాదు, ఎన్ని రోజులు అన్నది మిమ్మల్ని చూసిన డాక్టరే చెప్పాలి.

## కొనే ముందు

నాలుగు రోజులుగా జలుబు, దగ్గు, కాస్త జ్వరం. అజిత్రోమైసిన్ 500 మూడు రోజులు వేసుకుంటే పోతుందా?

పోదు. మామూలు జలుబు, ఫ్లూ, గొంతు నొప్పుల్లో ఎక్కువ భాగం వైరస్‌ల వల్ల వచ్చేవే. యాంటీబయాటిక్ పనిచేసేది బ్యాక్టీరియా మీద. బ్యాక్టీరియాకి ఉన్నట్టు వైరస్‌కి కణం చుట్టూ గోడ ఉండదు, సొంతంగా ప్రొటీన్లు తయారుచేసుకునే ఏర్పాటూ ఉండదు. దెబ్బ కొట్టడానికి ఈ మందుకి అక్కడ ఏమీ దొరకదు. జలుబు వారం పది రోజుల్లో దానంతటదే తగ్గుతుంది, దగ్గు రెండు మూడు వారాలు సాగొచ్చు. మీరు నాలుగో రోజు మాత్ర మొదలుపెట్టి ఏడో రోజుకి తేలికపడితే ఆ పేరు మాత్రకి వెళ్తుంది. నిజానికి ఆ జబ్బు తగ్గే సమయమే అది.

పైగా అజిత్రోమైసిన్ ఒంట్లోంచి అంత తొందరగా పోదు. మూడు రోజులు మింగినా ఆ తర్వాత చాలా రోజులు కొద్దికొద్దిగా మిగిలే ఉంటుంది. చంపలేనంత తక్కువ మోతాదులో మందు తగులుతూ ఉంటే దాన్ని తట్టుకునే బ్యాక్టీరియాకే మేలు. ఆయాసం, ఛాతీలో నొప్పి, మూడు రోజులు దాటినా దిగని జ్వరం, తగ్గినట్టే తగ్గి మళ్ళీ తిరగబెట్టిన జ్వరం: వీటిలో ఏది ఉన్నా షాపుకి కాదు, డాక్టరు దగ్గరికి వెళ్ళండి.

కళ్ళె పచ్చగా వస్తోంది. ఇన్ఫెక్షన్ ముదిరినట్టే కదా?

అక్కర్లేదు. మన రక్తంలోని తెల్లకణాలు పోరాడి చనిపోయినప్పుడు వాటిలోని ఒక ఎంజైము వల్ల కళ్ళెకి ఆ పచ్చరంగు వస్తుంది. వైరస్ జలుబులోనూ మూడో రోజుకో నాలుగో రోజుకో అలాగే మారుతుంది. రంగు చూసి యాంటీబయాటిక్ మొదలుపెట్టకూడదు.

విడాల్ పరీక్షలో టైఫాయిడ్ పాజిటివ్ వచ్చింది. వెంటనే సూదులు మొదలుపెట్టాలా?

వానాకాలంలో నేను ఎక్కువగా వినే ప్రశ్న ఇదే, ఎక్కువగా బాధపడేదీ దీని గురించే. విడాల్ పరీక్ష టైఫాయిడ్ క్రిమిని పట్టుకోదు, దాని మీద మన ఒళ్ళు తయారుచేసిన యాంటీబాడీలను కొలుస్తుంది. ఎప్పుడో వచ్చిపోయిన టైఫాయిడ్ వల్లగానీ, టీకా వల్లగానీ, మలేరియా లాంటి వేరే జ్వరాల వల్లగానీ అవి రక్తంలో కనిపించొచ్చు. మన దగ్గర ఆరోగ్యంగా తిరుగుతున్న వాళ్ళలోనూ 1:80 లాంటి అంకె కనిపించడం వింతేమీ కాదు. నిజంగా టైఫాయిడ్ ఉన్నా అవి పెరగడానికి వారం పడుతుంది. అందుకని జ్వరం వచ్చిన రెండో రోజు చేయించిన విడాల్ కాగితంతో తేలేది చాలా తక్కువ.

తేల్చి చెప్పేది బ్లడ్ కల్చర్, అంటే రక్తంలోని క్రిమిని పెంచి చూసే పరీక్ష. మొదటి డోసు పడకముందే రక్తం తీయాలి; మందు పడ్డాక తీస్తే క్రిమి ఉన్నా పెరగకపోవచ్చు. కల్చర్‌తో ఇంకో లాభం, ఏ మందుకి ఆ క్రిమి లొంగుతుందో కూడా తెలుస్తుంది. ఒకప్పుడు టైఫాయిడ్ అనగానే సిప్రోఫ్లాక్సాసిన్ రాసేవారు. మన దేశంలో ఇప్పుడు టైఫాయిడ్ క్రిమి చాలావరకు దానికి లొంగడం లేదు, అందుకే సెఫ్‌ట్రియాక్సోన్, సెఫిక్సిమ్, అజిత్రోమైసిన్ వాడుతున్నారు.

టైఫాయిడ్ అనుకుని సూదులు వేస్తూ కూర్చుంటే అసలు జబ్బు మరుగునపడుతుంది. స్క్రబ్ టైఫస్ అలాంటిదే. ముళ్ళపొదల్లో, గడ్డిలో ఉండే చిన్న నల్లి జాతి పురుగు కుట్టడం వల్ల వస్తుంది, సెఫ్‌ట్రియాక్సోన్‌కి తగ్గదు, డాక్సీసైక్లిన్‌కి తగ్గుతుంది. చంకలోనో, గజ్జల్లోనో, మొలతాడు కిందో నొప్పిలేని నల్లటి పక్కు కట్టిన పుండు ఉందేమో చూసుకోండి. అందరిలో కనిపించదు, కనిపిస్తే మాత్రం డాక్టరుకి తప్పక చూపించాలి.

నీళ్ళ విరేచనాలు అవుతున్నాయి. ఓఫ్లాక్సాసిన్, ఆర్నిడజోల్ కలిసిన మాత్ర ఇస్తారా?

చాలా ఇళ్ళల్లో ఈ మాత్ర డబ్బాలో ఎప్పుడూ ఉంటుంది. కానీ నీళ్ళ విరేచనాల్లో ఎక్కువ భాగానికి యాంటీబయాటిక్ అవసరమే లేదు. పోయిన నీళ్ళూ ఉప్పులూ తిరిగి ఒంట్లోకి చేరాలి, అంటే ఓఆర్ఎస్. పిల్లలకైతే దానితోపాటు 14 రోజులు జింక్: ఆరు నెలలు దాటితే రోజుకి 20 మి.గ్రా., అంతకన్నా చిన్నవాళ్ళకి 10 మి.గ్రా. విరేచనంలో రక్తం పడినా, జ్వరం ఎక్కువగా ఉన్నా, కలరా అని అనుమానం వచ్చినా డాక్టరు చూసి తగిన యాంటీబయాటిక్ రాస్తారు. మూత్రం తగ్గిపోవడం, నోరు ఎండిపోవడం, పిల్లలు మగతగా పడి ఉండటం కనిపిస్తే ఇంట్లో ఆగొద్దు.

పంటి నొప్పి భరించలేకపోతున్నా. అమాక్సిసిలిన్ వేసుకుంటే తగ్గుతుందా?

పుచ్చిన పంటి లోపలి నరం వాచి వచ్చే నొప్పికి యాంటీబయాటిక్ పనిచేయదు. ఆ పంటికి రూట్ కెనాల్ చేయాలి, లేదా పన్ను తీసేయాలి. బుగ్గ వాచినా, జ్వరం వచ్చినా, నోరు తెరవలేకపోయినా అప్పుడు యాంటీబయాటిక్ కావాలి. అప్పుడు కూడా దంతవైద్యుడి చేతి పని తప్పదు.

పొట్లంలో నాలుగు రకాల మాత్రలు కట్టిచ్చారు, ఒక్క పూటకే జ్వరం దిగింది. తప్పేముంది?

ఊళ్ళో అర్ధరాత్రి తలుపు తడితే పలికేది ఆర్‌ఎంపీ గారే, ఆ మేలు నేను కాదనను. అయినా పేరు లేని మాత్రలు మింగొద్దు. అంత తొందరగా జ్వరం దిగిందంటే పొట్లంలో డెక్సామెథసోన్ లాంటి స్టెరాయిడ్ ఉండే అవకాశం ఉంది. అది జ్వరాన్నీ వాపునీ అణిచేస్తుంది, లోపలి ఇన్ఫెక్షన్ మాత్రం అలాగే ఉంటుంది. షుగరు ఉన్నవాళ్ళకి షుగరు ఒక్కసారిగా పెరుగుతుంది. రేపు ఒళ్ళంతా దద్దుర్లు లేస్తే ఏ మాత్ర వల్లో పెద్దాసుపత్రి డాక్టరూ చెప్పలేరు. కనీసం స్ట్రిప్పు అడిగి దాన్ని ఫోనులో ఫొటో తీసి పెట్టుకోండి.

చీటీ లేకపోతే ఎందుకివ్వరు? స్ట్రిప్పు మీద ఆ ఎర్ర గీత ఏమిటి?

యాంటీబయాటిక్స్ షెడ్యూల్ హెచ్ కింద వస్తాయి, డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. వీటిలో సెఫిక్సిమ్, సెఫ్‌పోడాక్సిమ్, లెవోఫ్లాక్సాసిన్ లాంటివి మరింత కట్టుదిట్టమైన షెడ్యూల్ హెచ్1లో ఉన్నాయి. 2014 మార్చి 1 నుంచి అమల్లోకి వచ్చిన ఈ నియమం ప్రకారం డాక్టరు పేరు, రోగి పేరు, ఇచ్చిన మందు రిజిస్టరులో రాయాలి, ఆ రిజిస్టరు మూడేళ్ళు భద్రపరచాలి. ఎర్ర గీత ఉన్న మందుని డాక్టరు చెప్పందే వాడొద్దని 2016లో కేంద్ర ఆరోగ్య శాఖ ప్రచారం చేసింది. ఇవ్వనన్న షాపు వాళ్ళ మీద కోపం తెచ్చుకోకండి, వాళ్ళు మీ మేలే చూస్తున్నారు.

## మందు లోపల ఏం చేస్తుంది

మన కణాలను వదిలేసి బ్యాక్టీరియానే ఎలా చంపుతుంది?

బ్యాక్టీరియాకి ఉండి మనకి లేని భాగాలను, లేదా మనకి వేరేగా ఉన్న భాగాలను వెతికి కొడుతుంది. అమాక్సిసిలిన్, సెఫిక్సిమ్, సెఫ్‌ట్రియాక్సోన్ బ్యాక్టీరియా చుట్టూ ఉండే గోడ మీద పనిచేస్తాయి. ఆ గోడ పోగులను ఒకదానితో ఒకటి ముడివేసే ఎంజైముని అడ్డుకుంటాయి. సిమెంటు పెట్టకుండా పేర్చిన ఇటుకల వరసలా గోడ బలహీనపడి, లోపలి ఒత్తిడికి బ్యాక్టీరియా పగిలిపోతుంది. మన కణాలకి అలాంటి గోడే లేదు కాబట్టి ఈ జాతి మందులు మనకి చాలావరకు సురక్షితం.

అజిత్రోమైసిన్, డాక్సీసైక్లిన్ బ్యాక్టీరియా ప్రొటీన్లు తయారుచేసుకునే రైబోజోముని పట్టుకుంటాయి. అది మన రైబోజోముకన్నా వేరేగా ఉంటుంది. సిప్రోఫ్లాక్సాసిన్, లెవోఫ్లాక్సాసిన్ బ్యాక్టీరియా డీఎన్ఏ మెలికలు విప్పే ఎంజైముని ఆపేస్తాయి. కోట్రైమాక్సజోల్ బ్యాక్టీరియా ఫోలేట్ అనే విటమిన్ తయారుచేసుకోకుండా అడ్డుపడుతుంది. మనం ఫోలేట్‌ని తిండిలోంచి తీసుకుంటాం, దానికి ఆ వీలు లేదు. మెట్రోనిడజోల్ ఆక్సిజన్ లేనిచోట బతికే క్రిముల లోపలికి వెళ్ళాకే విషంగా మారి వాటి డీఎన్ఏను తెంపుతుంది.

డాక్సీసైక్లిన్ టెట్రాసైక్లిన్ కుటుంబంలోది. ఆ కుటుంబంలో మొదటిదైన ఆరియోమైసిన్ 1948లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలల నుంచి బయటికొచ్చింది. కనిపెట్టింది బెంజమిన్ డగ్గర్, ఆ పరిశోధనలకి సారథి భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. ఆయన అదే ఏడాది కన్నుమూశారు. ఆ ముక్క చెప్పకుండా ఈ జవాబు ముగించబుద్ధి కాలేదు.

అమాక్సిసిలిన్ 500కీ, క్లావ్ కలిసిన 625కీ తేడా ఏమిటి?

625లో అమాక్సిసిలిన్ 500, క్లావులానిక్ ఆమ్లం 125 మి.గ్రా. ఉంటాయి. కొన్ని బ్యాక్టీరియాలు అమాక్సిసిలిన్‌ని విరిచేసే ఎంజైముని తయారుచేసుకున్నాయి. క్లావులానిక్ ఆమ్లం ఆ ఎంజైముకి అడ్డుపడి అమాక్సిసిలిన్‌ని కాపాడుతుంది. కుక్కకాటు గాయాలు, ముదిరిన సైనస్ ఇన్ఫెక్షన్ లాంటి వాటికి ఇది అవసరమవుతుంది. విరేచనాలు కూడా దీనితోనే ఎక్కువ, అందుకే ఉత్త అమాక్సిసిలిన్ సరిపోయే చోట 625 అడగొద్దు.

పవర్ ఎక్కువున్న మందు ఏది?

క్రిమిని బట్టి మందేగానీ, అందరికీ పెద్దన్నలాంటి మందు లేదు. బ్యాక్టీరియా వల్ల వచ్చే గొంతు నొప్పికి చవకైన అమాక్సిసిలిన్ చేసే పని ఖరీదైన సూదులు చేసేదానికి ఏమాత్రం తీసిపోదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో యాంటీబయాటిక్స్‌ని మూడు గుంపులుగా విడగొట్టింది. మామూలు ఇన్ఫెక్షన్లకి ముందుగా వాడదగ్గవి మొదటి గుంపు: అమాక్సిసిలిన్, డాక్సీసైక్లిన్ అందులో ఉన్నాయి. ఆచితూచి వాడాల్సినవి రెండోది: అజిత్రోమైసిన్, సెఫిక్సిమ్, సిప్రోఫ్లాక్సాసిన్. ఇక ఏ మందూ పనిచేయనప్పుడు తీయాల్సినవి మూడోది: కొలిస్టిన్, లినెజోలిడ్ లాంటివి. మనం జలుబుకి అడిగి తీసుకెళ్ళేది రెండో గుంపులోది.

మూత్రంలో మంటకి పోయినసారి సిప్రోఫ్లాక్సాసిన్ ఇచ్చారు, ఈసారి నైట్రోఫ్యూరాంటాయిన్ అంటున్నారు. ఎందుకు?

మూత్రాశయం ఇన్ఫెక్షన్‌కి ఎక్కువగా కారణమయ్యే ఈ.కోలై అనే బ్యాక్టీరియా మన దేశంలో సిప్రోఫ్లాక్సాసిన్‌కి చాలావరకు అలవాటుపడిపోయింది. నైట్రోఫ్యూరాంటాయిన్ రక్తంలో పెద్దగా నిలవదు, మూత్రంలోకి చేరి అక్కడే పనిచేస్తుంది. ఆడవాళ్ళలో మామూలు మంటకి సాధారణంగా ఐదు రోజులు సరిపోతుంది. ఫాస్ఫోమైసిన్ పొడి కూడా ఉంది, 3 గ్రాములు ఒక్కసారే నీళ్ళలో కలిపి తాగడం. కానీ చలిజ్వరం, నడుము పక్కన నొప్పి ఉంటే ఇన్ఫెక్షన్ కిడ్నీ దాకా పోయినట్టు, అప్పుడు ఈ రెండూ చాలవు.

సూది వేస్తే మాత్రకన్నా త్వరగా తగ్గుతుందా?

వాంతులు ఆగకపోయినా, ఒళ్ళు బాగా దెబ్బతిన్నా, ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకినా సూది తప్పదు. మిగతా సందర్భాల్లో మాత్ర మంచిదే. లెవోఫ్లాక్సాసిన్, డాక్సీసైక్లిన్, మెట్రోనిడజోల్, లినెజోలిడ్ నోటితో తీసుకున్నా దాదాపు అంతా రక్తంలోకి చేరుతుంది.

## మొదటి మాత్రకు ముందు డాక్టరుకి చెప్పాల్సినవి

చిన్నప్పుడు పెన్సిలిన్ పడలేదని అమ్మ చెప్పేది. జీవితాంతం మానేయాలా?

తప్పకుండా చెప్పండి, ఏం జరిగిందో వివరంగా చెప్పండి. వాంతి అయిందా, మచ్చలు లేచాయా, ఊపిరాడక ఆసుపత్రికి పరుగెత్తారా అన్నది చాలా ముఖ్యం. పెన్సిలిన్ పడదని చెప్పే పదిమందిలో తొమ్మిదిమందికి పరీక్ష చేస్తే అలర్జీ లేదనే తేలుతుంది. చిన్నప్పటి వైరస్ దద్దుర్లను మందు మీదకి తోసేసినవీ వాటిలో ఉంటాయి. నిజంగా అలర్జీ ఉన్నా ఏళ్ళు గడిచేకొద్దీ తగ్గొచ్చు. మీ అంతట మీరు మాత్రం పరీక్షించుకోకండి. పెదాలు వాయడం, ఆయాసం, స్పృహ తప్పడం జరిగి ఉంటే ఆ సంగతి కాగితం మీద రాసి పర్సులో పెట్టుకోండి.

మూడో నెల గర్భం. ఏవి వాడొచ్చు?

అమాక్సిసిలిన్, సెఫిక్సిమ్ లాంటి సెఫలోస్పోరిన్లు ఎన్నో ఏళ్ళుగా గర్భిణులకి వాడుతున్నారు. అవసరమైతే అజిత్రోమైసిన్ కూడా. డాక్సీసైక్లిన్, సిప్రోఫ్లాక్సాసిన్ జాతి మామూలుగా ఇవ్వరు. కోట్రైమాక్సజోల్ మొదటి మూడు నెలల్లోనూ కాన్పు దగ్గరపడ్డాకా, నైట్రోఫ్యూరాంటాయిన్ కాన్పు దగ్గరపడ్డాక వాడరు. గర్భిణికి మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉంటే భయపడి వైద్యం మానేయడం తల్లికీ బిడ్డకీ ఇంకా ప్రమాదం.

షుగర్, బీపీ, గుండె మాత్రలు వాడుతున్నాను. వాటితో కలిపి వేసుకోవచ్చా?

వేసుకునే మాత్రలన్నీ సంచిలో వేసుకుని వెళ్ళి డాక్టరుకి చూపించండి. గ్లిమెపిరైడ్ వాడేవాళ్ళకి సిప్రోఫ్లాక్సాసిన్, లెవోఫ్లాక్సాసిన్, క్లారిథ్రోమైసిన్, కోట్రైమాక్సజోల్ ఇస్తే షుగరు ప్రమాదకరంగా పడిపోవచ్చు. చెమటలు, వణుకు, తికమక వస్తే వెంటనే షుగరు చూసుకోవాలి. టెల్మిసార్టాన్ లాంటి బీపీ మాత్రతో కోట్రైమాక్సజోల్ కలిస్తే రక్తంలో పొటాషియం పెరుగుతుంది, పెద్దవయసు వాళ్ళలో, కిడ్నీ సమస్య ఉన్నవాళ్ళలో మరీను. వార్ఫరిన్, అసినోకౌమరాల్ లాంటి రక్తం పలచబరిచే మందులతో మెట్రోనిడజోల్, కోట్రైమాక్సజోల్ రక్తస్రావం తెప్పించొచ్చు. కొలెస్ట్రాల్ మాత్ర వాడుతుంటే క్లారిథ్రోమైసిన్‌తో కండరాలు దెబ్బతినే ముప్పు ఉంది. గుండె లయ తప్పే జబ్బు ఉంటే అజిత్రోమైసిన్‌కి ముందు ఆ సంగతి చెప్పాలి.

## వాడుతున్నప్పుడు

పరగడుపునా, తిన్నాకా?

క్లావ్ కలిసిన అమాక్సిసిలిన్ తిండి మొదలుపెడుతూ, మెట్రోనిడజోల్, నైట్రోఫ్యూరాంటాయిన్, సెఫ్యూరాక్సిమ్ తిన్నాక. అమాక్సిసిలిన్, అజిత్రోమైసిన్ మాత్ర, సెఫిక్సిమ్ ఎప్పుడైనా సరే. కడుపులో తిప్పితే తిన్నాక వేసుకోండి.

పెరుగన్నం తినొచ్చా? పాలతో మాత్ర వేసుకోవచ్చా?

పెరుగు, మజ్జిగ మానేయక్కర్లేదు. సిప్రోఫ్లాక్సాసిన్, డాక్సీసైక్లిన్ మాత్రం పాలతో, పెరుగుతో కలిపి మింగొద్దు. వాటిలోని కాల్షియం మందుని పట్టేసుకుని రక్తంలోకి పోనివ్వదు. ఐరన్ మాత్రలు, కాల్షియం మాత్రలు, గ్యాస్ కోసం తాగే యాంటాసిడ్ ఇంకా ఎక్కువగా అడ్డుపడతాయి. యాంటీబయాటిక్ ముందు వేసుకుని కనీసం రెండు గంటలు ఆగాక అవి తీసుకోండి. వాటినే ముందు తీసుకుంటే ఆరు గంటల ఎడం ఇవ్వండి.

పాప సిరప్‌లో నీళ్ళు ఎంత పోయాలి? ఫ్రిజ్‌లో పెట్టాలా?

డ్రై సిరప్ సీసా మీద గీత ఉంటుంది. ముందు సీసాని తట్టి అడుగున గడ్డకట్టిన పొడిని విడగొట్టండి. కాచి చల్లార్చిన నీళ్ళు, లేదా డబ్బాలోనే ఇచ్చిన నీళ్ళు గీతకి కాస్త కిందవరకు పోసి బాగా గిలకొట్టండి. నురుగు దిగాక మళ్ళీ సరిగ్గా గీతవరకు పోయండి. వేడినీళ్ళు పోస్తే మందు చెడిపోతుంది. ఒకేసారి గీతదాకా పోసేస్తే పొడి కరిగాక మట్టం కిందికి దిగుతుంది, చాలామంది అక్కడే వదిలేస్తారు, మందు చిక్కగా ఉండి డోసు ఎక్కువవుతుంది. వంటింటి చెంచాతో కాకుండా సీసాతో వచ్చిన మూతతోనో, సిరంజితోనో కొలవండి. ప్రతిసారీ గిలకొట్టాకే పోయాలి. క్లావ్ కలిసింది కలిపాక ఫ్రిజ్‌లో పెట్టి ఏడు రోజుల్లో వాడేయాలి. మిగతావి ఎన్నాళ్ళుంటాయో లేబుల్ మీద చూడండి.

ఒక డోసు మర్చిపోయాను.

గుర్తురాగానే వేసుకోండి. తర్వాతి డోసు వేళ దగ్గరపడితే మర్చిపోయినదాన్ని వదిలేయండి. రెండూ కలిపి మింగొద్దు.

మద్యం తాగొచ్చా?

మెట్రోనిడజోల్, టినిడజోల్ వాడుతున్నప్పుడు, అయిపోయాక మూడు రోజుల వరకు వద్దు: వాంతులు, గుండెదడ, మొహం ఎర్రబారడం రావొచ్చు. మిగతా మందులకి అంత గొడవ లేకపోయినా జబ్బు ఒంటికి మద్యం మంచిది కాదు.

రెండు రోజులైనా జ్వరం దిగలేదు. మందు మార్పించుకోవాలా?

జబ్బుని బట్టి ఉంటుంది. మూత్రం ఇన్ఫెక్షన్‌లో రెండు రోజులకి తేడా తెలుస్తుంది. టైఫాయిడ్‌లో సరైన మందు పడినా జ్వరం దిగడానికి నాలుగైదు రోజులు, ఒక్కోసారి వారం పడుతుంది. రోజుకో డాక్టరు, రోజుకో మాత్ర మార్చితే ఏది పనిచేసిందో ఎవరికీ తెలియదు. జ్వరం ఉన్నా మనిషి తేరుకుంటున్నాడా, తింటున్నాడా అన్నది గమనించి రాసిన డాక్టరుకే ఫోను చేయండి. మనిషి నీరసించిపోతుంటే మాత్రం ఆగకుండా తీసుకెళ్ళండి.

రెండో రోజుకే తగ్గింది. మిగతావి ఆపేయొచ్చా?

మీ అంతట మీరు ఆపొద్దు, డాక్టరుని అడగండి. ఎంతకాలం వాడాలన్నది జబ్బుని బట్టి తేలుతుంది, స్ట్రిప్పులో ఎన్ని మాత్రలున్నాయన్నదాన్ని బట్టి కాదు. తేలికపాటి న్యుమోనియాకి చాలాసార్లు ఐదు రోజులు చాలని పరిశోధనలు తేల్చాయి, అనవసరంగా పొడిగించినా నష్టమే. కానీ స్ట్రెప్టోకోకస్ గొంతు నొప్పికి అమాక్సిసిలిన్ పది రోజులు ఇస్తారు. నొప్పి మూడో రోజుకే పోతుంది, అయినా పిల్లల్లో ఆ క్రిమి మిగిలిపోతే గుండె కవాటాలను పాడుచేసే రుమాటిక్ జ్వరం రావొచ్చు. టీబీకి కనీసం నెలల తరబడి, సాధారణంగా ఆరు నెలలు. ఈ తేడా తెలిసింది డాక్టరుకే.

## ఇబ్బంది అనిపిస్తే

మాత్ర మొదలుపెట్టాక విరేచనాలు పట్టుకున్నాయి.

మందు పేగుల్లోని మంచి బ్యాక్టీరియాని కూడా చంపుతుంది, అందుకే ఇది మామూలు. రోజుకి రెండు మూడుసార్లు పలచగా అయితే నీళ్ళు, మజ్జిగ తాగుతూ కోర్సు కొనసాగించొచ్చు. నీళ్ళలా చాలాసార్లు అవుతుంటే, రక్తం పడితే, కడుపు మెలిపెడితే ఆపి డాక్టరుని కలవండి. క్లాస్ట్రిడియాయిడిస్ డిఫిసిల్ అనే క్రిమి పెరిగితే ఇలా జరుగుతుంది, మందు అయిపోయిన కొన్ని వారాల తర్వాత కూడా రావొచ్చు. అప్పుడు విరేచనాలు కట్టే లోపరమైడ్ సొంతంగా వేసుకోకూడదు.

ఒంటి మీద దద్దుర్లు లేచాయి. ఎప్పుడు భయపడాలి?

మాత్ర వేసుకున్న నిమిషాల నుంచి ఒక గంటలోపు దురదతో ఉబ్బెత్తుగా లేచి, పెదాలో కనురెప్పలో వాచి, గొంతు పట్టేసినట్టుంటే, ఆయాసం వస్తే 108కి ఫోను చేయండి, అది ప్రాణాపాయం. చర్మం పొక్కులు కట్టి ఊడిపోతున్నా, నోట్లో, కళ్ళలో పుండ్లు పడినా అదే తొందర కావాలి. కోట్రైమాక్సజోల్ లాంటి సల్ఫా మందులతో ఇది అరుదుగా వస్తుంది. అమాక్సిసిలిన్ వాడే పిల్లల్లో ఐదారు రోజులకి దురద లేని చదునైన ఎర్రమచ్చలు రావొచ్చు. చాలాసార్లు అది అలర్జీ కాదు, అయినా డాక్టరుకి చూపించాకే తర్వాతి డోసు.

మూత్రం ముదురు రంగులో వస్తోంది.

నైట్రోఫ్యూరాంటాయిన్, మెట్రోనిడజోల్‌తో గోధుమరంగులోకి మారొచ్చు, టీబీ మందు రిఫాంపిసిన్‌తో నారింజ రంగు వస్తుంది. ఇవి హానికరం కాదు. కళ్ళు పచ్చబడితే, అన్నం సహించకపోతే మాత్రం లివర్ పరీక్ష కావాలి.

లెవోఫ్లాక్సాసిన్ వేసుకున్నాక మడమ వెనక నొప్పి. సంబంధం ఉందా?

ఉంది, మాత్ర ఆపి ఈరోజే డాక్టరుతో మాట్లాడండి. సిప్రోఫ్లాక్సాసిన్, ఓఫ్లాక్సాసిన్, లెవోఫ్లాక్సాసిన్ జాతి మందులు కండరాన్ని ఎముకకి కట్టిపట్టే స్నాయువులను, ముఖ్యంగా మడమ వెనక ఉండే లావుపాటి దాన్ని దెబ్బతీయగలవు, ఒక్కోసారి అది తెగిపోతుంది. అరవై దాటినవాళ్ళకి, స్టెరాయిడ్లు వాడేవాళ్ళకి ముప్పు ఎక్కువ. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2008లోనే దీని మీద తీవ్ర హెచ్చరిక పెట్టించింది. 2016లో, వేరే మందు ఉంటే మామూలు సైనస్, బ్రాంకైటిస్, మూత్ర ఇన్ఫెక్షన్లకి వీటిని వాడొద్దంది. కాళ్ళలో తిమ్మిర్లు, నిద్ర పట్టకపోవడం, అయోమయం కూడా వీటితో రావొచ్చు.

టీబీ సంగతి వేరే ఉంది. ఈ మందులు టీబీ క్రిమిని కొంత అణిచిపెడతాయి. రెండు వారాలు దాటిన దగ్గుకి కళ్ళె పరీక్ష చేయకుండా లెవోఫ్లాక్సాసిన్ వేస్తే కొన్నాళ్ళు తగ్గినట్టుండి మళ్ళీ బయటపడుతుంది, ఈలోగా ఇంట్లో పిల్లలకి అంటుకుంటుంది. ప్రభుత్వ ఆసుపత్రుల్లో టీబీ కళ్ళె పరీక్ష ఉచితం.

డాక్సీసైక్లిన్ మింగాక గుండెల్లో ఒకటే మంట.

మాత్ర అన్నవాహికలో అంటుకుని పుండు చేసి ఉండొచ్చు. నిండు గ్లాసు నీళ్ళతో, కూర్చుని మింగి అరగంట పడుకోకుండా ఉండాలి. రాత్రి పడుకునే ముందు గుటకెడు నీళ్ళతో వేసుకోవడం మానేయండి. ఎండకి చర్మం తొందరగా కమిలిపోతుంది కూడా, పొలం పనికి వెళ్ళేవాళ్ళు నిండు చేతుల చొక్కా వేసుకోండి.

కోర్సు మధ్యలో తెల్లబట్ట, దురద మొదలైంది.

మంచి బ్యాక్టీరియా తగ్గడంతో ఫంగస్ పెరిగింది. దీనికి మందు వేరే ఉంది, తేలిగ్గానే తగ్గుతుంది. చెప్పుకోవడానికి మొహమాటపడి నెలలు భరించేవాళ్ళున్నారు, ఆ అవసరం లేదు.

## అయిపోయాక

పదే పదే వాడటం వల్ల మా ఒంటికి మందు అలవాటైపోయిందా?

అలవాటుపడేది ఒళ్ళు కాదు, బ్యాక్టీరియా. అందుకే జీవితంలో ఒక్క యాంటీబయాటిక్ వాడని మనిషికి కూడా మందుకి లొంగని క్రిమి అంటుకోగలదు. తక్కువ మోతాదు వాడితే క్రిములు మొండికేస్తాయని పెన్సిలిన్ కనిపెట్టిన అలెగ్జాండర్ ఫ్లెమింగ్ 1945లో నోబెల్ ప్రసంగంలోనే హెచ్చరించారు. రోగులు మింగే మాత్రలే కాదు, ఫ్యాక్టరీ నీళ్ళూ కారణమే. హైదరాబాద్ పక్కన పటాన్‌చెరులో మందుల కంపెనీల వ్యర్థజలాలను శుద్ధి చేసే కేంద్రం నుంచి బయటికొచ్చే నీళ్ళను స్వీడన్ శాస్త్రవేత్తలు పరీక్షించి 2007లో ఫలితాలు ప్రచురించారు. లీటరుకి 31 మి.గ్రా. దాకా సిప్రోఫ్లాక్సాసిన్ తేలింది. ఆ మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండేదానికన్నా అది ఎక్కువ. మాత్ర మానుకోమని మనుషులకి చెప్పినంత గట్టిగా ఆ కాలువల గురించి కూడా అడగాలి.

మిగిలిన నాలుగు మాత్రలు దాచుకుంటే మళ్ళీ పనికొస్తాయి కదా?

మిగిలిన నాలుగు మాత్రలతో చాలా ఇన్ఫెక్షన్లు పూర్తిగా నయం కావు. పక్కింటివాళ్ళకీ ఇవ్వొద్దు, కాలువలోనో సింకులోనో పడేయొద్దు. తిరిగి తీసుకునే ఆసుపత్రి గానీ షాపు గానీ ఉంటే అక్కడ ఇచ్చేయండి. లేదంటే స్ట్రిప్పులోంచి తీసి కాఫీపొడి పిప్పిలోనో మట్టిలోనో కలిపి, కవరు మూతికట్టి, పిల్లలకీ పశువులకీ అందకుండా చెత్తలో వేయండి.

కల్చర్ రిపోర్టులో మందుల పేర్ల పక్కన ఎస్, ఆర్ అని ఉన్నాయి. ఏమిటవి?

ఎస్ అంటే ఆ క్రిమి ఆ మందుకి లొంగుతుంది, ఆర్ అంటే లొంగదు. ఐ అని ఉంటే మోతాదు పెంచితేనో, మందు బాగా చేరే చోటయితేనో పనిచేయొచ్చు. ఎస్ ఉన్నవన్నీ మీకు సరిపోతాయని కాదు. మీ కిడ్నీ, వయసు, ఇన్ఫెక్షన్ ఎక్కడుందో చూసి డాక్టరు వాటిలోంచి ఒకటి ఎంచుతారు. జ్వరం, మంట ఏమీ లేకుండా మూత్రం కల్చర్‌లో క్రిమి కనబడితే గర్భిణులకి వైద్యం చేస్తారు, మిగతా చాలామందికి అవసరం ఉండదు. ఆ కాగితం పారేయకండి. ఏడాది లోపు మళ్ళీ అదే ఇబ్బంది వస్తే, పాత చీటీతో షాపుకి వెళ్ళే బదులు ఈ రిపోర్టు తీసుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళండి.